ఈ వారం చుక్కలు

జోగారావు గారూ,
శనివారం పొద్దుటి ఆటోకే అందించమన్నారు కదా,
పాతపట్నం చేరేలోపు వాన పట్టుకుంటుందని
కొమ్ముదువ్వెనలు చుట్టే ప్లాస్టిక్ కాగితంలో పెట్టాను.
చేతిరాత మీద తెల్లపొడి ఉంటే దులుపుకోండి,
అరగదీత పని మధ్యలో రాసింది.
పర్లాకిమిడిలో ఈ నెల ఆడినవి ఆరు.

మొదటిది దెయ్యం సినిమా.
అది వచ్చే ముందల్లా తలుపు కిర్రుమంటుంది.
తలుపు ఊరుకున్నప్పుడు
మా హాల్లో నాలుగో ఫ్యాను కిర్రుమంది.
జనం ఫ్యానుకే ఎక్కువ జడిసారు.
రెండు చుక్కలు. అందులో ఒకటి ఫ్యానుది.

తర్వాతది యుద్ధం.
సరిహద్దు, సరిహద్దు అని మూడు గంటలు అరిచారు.
మన సరిహద్దు మీకు తెలిసిందే:
బోర్డు మీద అక్షరాలు తలకట్టు వదిలేసి
గుండ్రటి టోపీ పెట్టుకునే చోటు.
మా మేనత్త రోజుకి రెండుసార్లు
పాలక్యాను మోసుకుని దాటుతుంది,
వెనక ఏ బాజా మోగదు.
ఒకటిన్నర.

ప్రేమకథ గురించి ఏం రాయను?
కొమ్ముని వంచాలంటే ముందు సెగ చూపించాలి.
చాలకపోతే విరుగుతుంది,
మించితే వీధంతా కంపు.
మా భగబాన్ మహారణా ముక్కుతోనే లెక్క కట్టేస్తాడు.
ఈ దర్శకుడు ఆ పిల్లనీ పిల్లాడినీ
మంచుకొండల మీద నిలబెట్టి వంచబోయాడు.
పాట మధ్యలోనే పుటుక్కుమంది.
సున్నా వేస్తే హాలు ఓనరు అలుగుతాడని ముప్పావు.

పోలీసు సినిమా తెలుగులో పుట్టిందే.
హిందీకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఒడియాలో దిగి
మళ్ళీ మన ముందుకే వచ్చింది,
ఊరంతా తిరిగి పెరటి గుమ్మంలోంచి వచ్చిన అల్లుడిలాగ.
హీరో పెదాలు ఒరేయ్ అంటున్నాయి,
గొంతు ఇంకేదో అంటోంది.
వెనక బెంచీ కుర్రాళ్ళు ఆ పెదాలు చదివి
పోయిన మాటలన్నీ వెనక్కి తెచ్చి అరిచారు.
మూడు చుక్కలు, కుర్రాళ్ళకి.

రాకెట్టు సినిమాలో
వాళ్ళు ఏ గ్రహం మీద దిగారో నాకు తెలీదు.
కరెంటు పోయింది.
దండాసి జనరేటరు తిప్పి తిప్పి బొమ్మ తెచ్చేసరికి
అందరూ ఇంటికొచ్చి అన్నాలు తింటున్నారు.
చూడనిదానికి రెండున్నర వేశాను,
ఖాళీ పెట్టొద్దని మీరు అన్నారు గనక.
ఆ అబద్ధంలో సగం మీది.

ఇంక ఆరోది.
ఏదో ఆఫీసు ముందు ఒకావిడ పొద్దంతా కూర్చుంటుంది.
అంతే కథ.
మంగళవారం మ్యాట్నీ, పదకొండు మందిమి.
నా పక్కన సొంబారి అనే సవర ముసలమ్మ,
గుమ్మ నుంచి మనవడి కట్టు మార్పించడానికి దిగింది,
బస్సుకి ఇంకా టైముందని, నీడకోసమని
టిక్కెట్టు కొని లోపలికొచ్చింది.
నాకు సవర రాదు, ఆవిడకి తెలుగు అరకొర.
మొదట్లో నేనే గొప్పగా అర్థాలు చెప్పాను.
ఇదిగో, ఎండలో ఉంది. ఇదిగో, దాహం.
తర్వాత చాలాసేపు తెర మీద మాటల్లేవు,
నా దగ్గరా అయిపోయాయి.

తెర మీదావిడ కొంగుముడి విప్పి చూసుకుని
మళ్ళీ కట్టేసింది.
ఏదో సర్దుకుంటోంది అనుకున్నాను నేను,
పుస్తకంలో ‘సాగదీత’ అని కూడా రాసుకున్నాను.
సొంబారి మోచేత్తో పొడిచింది.
తన కొంగుముడి విప్పి
చీకట్లో నా అరచేతిలో పెట్టింది:
మడత నోటు, కొన్ని బిళ్ళలు.
“బస్సుకి,” అంది. “నీల్లు తాగదు. బస్సుకి.”

ఇరవై రెండేళ్ళుగా శుక్రవారాలన్నీ
ఆ కుర్చీల్లోనే అరగదీశాను సార్,
నాకు కనపళ్ళేదు.

ఇంటర్వెల్లో హారన్ వినిపించింది.
నిద్రపోతున్న మనవణ్ణి భుజాన వేసుకుని
వెళ్ళిపోయింది.
రెండో సగం నేనొక్కణ్ణే చూశాను,
ఆవిడ లేకుండా ఎంత అర్థమైందో చెప్పలేను.

దీనికి చుక్కలు వెయ్యలేదు.
ఆ చోటు ఖాళీగా వదిలెయ్యండి.
పేజీ బోసిపోతుందంటారా,
మహారణా దువ్వెనల ప్రకటన వేసుకోండి,
సగం ధరకే ఒప్పిస్తాను.